కోటలు లెక్కపెట్టుకోవడానికా వెళ్లింది?

"మూడు చోట్లు చూస్తే చాలమ్మా, పాస్ డబ్బులు వచ్చేస్తాయి. నాలుగో దాని నుంచి అంతా మిగులే."

ఇంగ్లండులో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రుల్లో ఈ మాట విననివాళ్లు అరుదు. మా అమ్మాయి రెడింగ్‌లో ఉంటుంది. మేం దిగిన మూడో రోజే ఈ మాట చెప్పింది. తనకు ఆఫీసులో వాళ్లు చెప్పారట, వాళ్లకు అంతకుముందు ఏడాది వచ్చి వెళ్లిన అత్తమామలు చెప్పారట. అలా నోళ్లు మారి మారి అదొక నియమమైపోయింది. చారిత్రక కట్టడాలు చూడాలంటే పాస్ కొనాల్సిందే, కొననివాడు చేతులారా డబ్బు పోగొట్టుకున్నట్టే. ఈ నియమం తప్పు. అందరి విషయంలోనూ అనను. కానీ ఒక్కసారి, కొద్ది వారాల కోసం, అరవై దాటిన మోకాళ్లతో వెళ్లే మనబోటి వాళ్ల విషయంలో మాత్రం ముమ్మాటికీ తప్పు.

ముందు పాస్ సంగతి. ఇంగ్లండులో కోటలు, శిథిల మఠాలు, రోమన్ల నాటి దండు స్థావరాలు, స్టోన్‌హెంజ్ వంటివి 400కు పైగా ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. 2015లో ఇది ప్రభుత్వ శాఖల నుంచి విడివడి ధర్మసంస్థ అయింది. విదేశాల నుంచి వచ్చే వాళ్ల కోసం 9 రోజులకు ఒకటి, 16 రోజులకు ఒకటి పాస్ అమ్ముతుంది. ఆ రోజులు వరసగా నడిచిపోవాల్సిందే, మధ్యలో జ్వరమొచ్చినా వానొచ్చినా ఆగవు. పాత జమీందారీ భవనాలు, తోటలు ఎక్కువగా ఉన్న నేషనల్ ట్రస్ట్‌కు ఇలాంటిదే మరో పాస్ ఉంది. స్కాట్లండ్‌కు వేరే. ఒకదాన్ని కొంటే ఇంకోదాని గేటు తెరుచుకోదు. మన వాళ్లలో చాలామందికి ఈ సంగతి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

ఇక లెక్క. పాస్ ధర ఇంత, ఒక్కో చోట టికెట్ ధర ఇంత, మూడు చోట్ల టికెట్లు కలిపితే పాస్ ధరను దాటేస్తున్నాయి, కాబట్టి లాభం. కూడికలో తప్పేమీ లేదు. తప్పంతా ఆ కూడికలోకి ఏవి తెచ్చి వేస్తున్నామన్న దాంట్లో ఉంది. పాస్ లేకపోతే ఆ నాలుగో కోటకు, ఐదో మఠానికి మీరు టికెట్ కొనేవారా? కొనేవారు కాదు. వాటి పేరు కూడా మీకు తెలియదు. కొనని టికెట్ ధరను మిగులు కింద రాసుకోవడం ఏం లెక్క? ఆషాఢం సేల్‌లో ఒక్క చీర కోసం వెళ్లి నాలుగు తెచ్చుకుని, రెండు వేలు మిగిలాయని ఇంట్లో చెప్పుకోవడం లాంటిదే ఇది. కనీసం చీరలు బీరువాలో ఉంటాయి, రేపు కట్టుకోవచ్చు. పరుగెత్తుతూ చూసిన కోట ఎక్కడుంటుంది?

టికెట్ ధరను చూసి మనకు కలిగే బెదురు నిజమైనదే. దాన్ని చిన్నచూపు చూడను. గోల్కొండలో మనకు 25 రూపాయలు. అక్కడ స్టోన్‌హెంజ్ టికెట్ ఇరవై పౌండ్లు ఎప్పుడో దాటింది. నలుగురికి రూపాయల్లో గుణించుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఆ ఝల్లుమన్న క్షణంలోనే పాస్ ముందుకొస్తుంది, ధైర్యం చెబుతున్నట్టుగా. కానీ ఆ బెదురుకు మందు ఎక్కువ గేట్లు దాటడం కాదు, తక్కువ చోట్లు ఎంచుకోవడం.

మేమూ పాస్ కొన్నాం. మా అనుభవం చెబుతాను. తప్పు పాస్ అమ్మిన వాళ్లది కాదని ముందే ఒప్పుకుంటున్నాను. వాళ్లు చెప్పినవన్నీ చూపించారు. లెక్క మాది.

ఒక జూన్ రోజు పొద్దున్నే బయలుదేరి స్టోన్‌హెంజ్ చూశాం. అక్కణ్నుంచి సాలిస్బరీ ఊరు పది మైళ్ల లోపే. దారిలోనే ఓల్డ్ సారమ్ అని పాత కోట దిబ్బ ఉంది. అది పాస్‌లో ఉంది. సాలిస్బరీ ఊళ్లో ఉన్న పెద్ద చర్చి పాస్‌లో లేదు. ఇంతే తేడా. "ఇంకొక్కటి చూసేస్తే ఇవాళ్టితో వసూలైపోతుంది నాన్నా" అంది అమ్మాయి. మా ఆయన మోకాలు పట్టుకుని దిబ్బ ఎక్కారు. గోడల మొదళ్లు, గడ్డి, గాలి. వాటి మధ్య ఒకప్పటి చర్చి పునాదుల గీతలు. ఆ పాత చర్చిని వదిలేసి, 1220లో కిందనున్న పల్లంలో కొత్తది కట్టడం మొదలుపెట్టి దాదాపు నలభై ఏళ్లలో ముగించారు. అదే నేటి సాలిస్బరీ కెథడ్రల్. దాని శిఖరం 123 మీటర్లు, బ్రిటన్‌లో అంతకన్నా ఎత్తైన చర్చి శిఖరం లేదు. 1215 నాటి మాగ్నా కార్టా ప్రతులు నాలుగే మిగిలితే, వాటిలో అన్నిటికన్నా చక్కగా నిలిచినది అక్కడే ఉంది. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పాను. ఏటా ఒక పీరియడు మాగ్నా కార్టాకు ఇచ్చేదాన్ని. మేం దిబ్బ దిగి ఊళ్లోకి చేరేసరికి దాన్ని చూసే వేళ దాటిపోయింది. బయట పచ్చికలో నిలబడి ఆ శిఖరాన్ని చూసి, కారెక్కి వచ్చేశాం.

ఆ రాత్రి మా అమ్మాయి సంతోషంగా లెక్క చెప్పింది, పాస్ ధర వసూలైపోయిందని. ఆ పిల్లను ఏమనగలను? మా కోసం సెలవు పెట్టుకుని, కారు నడిపి, తినడానికి పులిహోర కలిపి తెచ్చింది. కానీ అప్పటి నుంచి నాకో సంగతి అర్థమైంది. ఆ రోజు ఎక్కడికి వెళ్లాలో మేం నిర్ణయించలేదు, పాస్ నిర్ణయించింది.

ఇది సాలిస్బరీలో ఒక్కసారి జరిగిన పొరపాటు కాదు. యార్క్‌లో కూడా ఇంతే. అక్కడ క్లిఫర్డ్స్ టవర్ పాస్‌లో ఉంటుంది, ఊరికి తలమానికమైన పెద్ద చర్చి యార్క్ మిన్‌స్టర్ ఉండదు, ఊరి చుట్టూ ఉన్న మధ్యయుగపు ప్రాకారం మీద నడవడానికి టికెట్టే లేదు. ఉత్తరాన హేడ్రియన్ గోడ దగ్గర మరీ స్పష్టంగా కనిపిస్తుంది. క్రీ.శ. 122లో మొదలుపెట్టి రోమన్లు సముద్రం నుంచి సముద్రం దాకా కట్టిన 73 మైళ్ల గోడ అది. గోడ వెంబడి నడవడం ఉచితం, అసలైన ఆనందం ఆ నడకే. టికెట్ ఉన్నవి గోడ పక్కన ఉన్న దండు స్థావరాలు. హౌస్‌స్టెడ్స్, చెస్టర్స్, బర్డోస్వాల్డ్ పాస్‌లో ఉన్నాయి. విండొలాండా లేదు, దాన్ని వేరే ట్రస్ట్ నడుపుతుంది. కానీ గోడ దగ్గర ఒక్కటే చూడగలిగితే నేను చూడమనేది విండొలాండానే. అక్కడి బురదలో 1973లో పలచని చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆమె సుల్పీసియా లెపిడినా అనే స్నేహితురాలిని తన పుట్టినరోజుకు రమ్మని రాసిన ఉత్తరం వాటిలో ఒకటి. చివరి వాక్యాలు లేఖకుడితో రాయించకుండా తన చేత్తోనే రాసుకుంది. స్త్రీ చేతిరాతలో నిలిచిన తొలి లాటిన్ అక్షరాల్లో అవి కొన్ని. దొరికిన నేల విండొలాండా, పాస్‌లో లేదు. ఉత్తరం ఉన్నది లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, దానికి టికెట్ లేదు. పాస్ పట్టుకుని తిరిగేవాడికి ఈ రెండూ దారిలో తగలవు.

అసలు మనవాళ్లు ఇంగ్లండ్ వెళ్లి చూడాలనుకునే వాటిలో ఈ పాస్‌ల కింద ఎన్ని ఉన్నాయి? కోహినూర్ ఉన్న టవర్ ఆఫ్ లండన్ లేదు. అది హిస్టారిక్ రాయల్ ప్యాలెసెస్ అనే మరో సంస్థది, హాంప్టన్ కోర్టు కూడా వాళ్లదే. పల్నాడులోని కొల్లూరు గనిలో పుట్టిందని మనం చిన్నప్పటి నుంచి చెప్పుకునే వజ్రాన్ని చూడాలంటే విడిగా టికెట్ కొనాల్సిందే. విండ్సర్ కోట రాజకుటుంబపు సేకరణ చూసే ట్రస్ట్‌ది, అదీ లేదు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబే లేదు. బాత్ ఊళ్లోని రోమన్ స్నానవాటిక అక్కడి స్థానిక కౌన్సిల్‌ది, అదీ లేదు. మీ మనసులో ఉన్న అయిదింటిలో స్టోన్‌హెంజ్ ఒక్కటే పాస్‌లో ఉంటే, మిగిలిన నాలుగింటికీ విడిగా కట్టి, పాస్‌కూ కట్టి, లాభపడ్డామనుకోవాలా? టవర్‌ను కలుపుకున్న లండన్ పాస్‌లు ఉన్నాయంటారు. ఉన్నాయి. అవి పడవ షికార్లు, బస్సు తిరుగుళ్లు కలిపి కట్టిన మూటలు. అక్కడా గడియారం వెంటపడుతూనే ఉంటుంది.

కాలం సంగతి ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. కోట కట్టేదే తేలిగ్గా చేరుకోలేని చోట. కొండ కొన మీద, సముద్రం అంచున, నది మలుపులో. ఎనిమిది వందల ఏళ్ల కిందట శత్రువును ఆపడానికి ఎంచుకున్న చోటు ఇవాళ రైలు దిగినవాడినీ ఆపుతుంది. స్టేషన్ నుంచి బస్సు, ఆ బస్సు గంటకొకటి, ఆపైన కొండ ఎక్కుడు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది గానీ చాలా చోట్ల సాయంత్రం ఐదుకో ఆరుకో గేటు మూసేస్తారు. స్టోన్‌హెంజ్‌లో మూసే వేళకు రెండు గంటల ముందే ఆఖరి ప్రవేశం. రాళ్లున్న చోటికీ, టికెట్ ఇచ్చే కేంద్రానికీ మధ్య రెండు కిలోమీటర్లకు పైగా దూరం. అంటే ఇది కనీసం రెండు గంటల చోటని వాళ్లే చెబుతున్నారు. డోవర్ కోటకు రోజంతా పెట్టినా చాలదు. 1180లలో రెండో హెన్రీ కట్టించిన బురుజు నుంచి, 1940లో డన్‌కర్క్ నుంచి సైన్యాన్ని తప్పించే పథకం నడిపిన సొరంగాల దాకా ఒకే గుట్టలో ఉన్నాయి. పాస్ ఉన్నవాడు అక్కడ మధ్యాహ్నానికే వాచీ చూసుకుంటాడు, దగ్గర్లో పాస్‌లో ఉన్నది మరొకటుంది కదా అని.

తిరుమలలో క్షణం సేపు దర్శనానికి గంటల తరబడి నిలబడే వాళ్లం మనం. 'జరగండి, జరగండి' అంటుంటే మెడ తిప్పి తిప్పి చూస్తూ బయటికొస్తాం. చూపుకు ఎంత విలువో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి మనం, జరగమనేవాడు ఎవడూ లేని చోట, మనల్ని మనమే జరగమని తోసుకుంటున్నాం.

ఈ పాస్ లెక్క చేసే అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఉచితంగా చూడగలిగిన వాటికి జరుగుతుంది. డబ్బు కట్టిన చోట్లు వసూలు చేసుకోవాలి గనుక ముందు అవి. టికెట్ లేనివి 'ఎప్పుడైనా చూడొచ్చులే' అన్న ఖాతాలోకి పోతాయి. ఆ 'ఎప్పుడైనా' విమానం ఎక్కే ముందురోజు సాయంత్రమవుతుంది, ఆ సాయంత్రం సూట్‌కేసులు సర్దుకోవడంలో పోతుంది. 2001 నుంచి బ్రిటన్ జాతీయ మ్యూజియంలన్నిటిలో ప్రధాన సేకరణలకు ప్రవేశ రుసుము లేదు. ఇంగ్లిష్ హెరిటేజ్ చేతిలోని 400 పైచిలుకు స్థలాల్లోనే సగానికి పైగా టికెట్ లేనివి. స్టోన్‌హెంజ్‌కు ఉత్తరాన, కారులో గంట లోపు దూరంలో ఏవ్‌బరీ ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతివలయం, మధ్యలో ఊరే ఉంది. అక్కడ టికెట్ లేదు, తాడు కట్టి దూరంగా నిలబెట్టరు, వెళ్లి రాతిని చేత్తో తాకవచ్చు. మన వాళ్లలో ఏవ్‌బరీ చూశామన్న వాళ్లు నాకింతవరకు ఒక్కరూ తగల్లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది బ్రిటిష్ మ్యూజియంలోని 33ఎ గది. అక్కడున్నది అమరావతి. మన ధాన్యకటకం మహాస్తూపపు పలకలు, పాలరాయి అంటారు గానీ నిజానికి పల్నాటి సున్నపురాయే అది. సర్వేయరు కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర ఆ స్తూపపు దిబ్బను చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించినవి మద్రాసు చేరి, అక్కణ్నుంచి 1859లో లండన్‌కు ఓడెక్కాయి. వందకు పైగా శిల్పాలు. వాటిలో ఒక పలక రెండు వైపులా చెక్కి ఉంటుంది. ఒక వైపు ఖాళీ ఆసనం, బోధివృక్షం, మొక్కుతున్న జనం. అది బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కడానికి ముందు కాలం నాటిది. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే పలకను తిప్పి, రెండో వైపు స్తూపాన్నే చెక్కారు. సింహాలు, స్తంభాలు, పూర్ణకుంభాలు, చుట్టూ ఆకాశంలో గంధర్వులు. కూలిపోయిన మహాస్తూపం ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలిసేది ఎక్కువగా ఇలాంటి పలకల వల్లనే. గుంటూరులో పుట్టి పెరిగిన నేను అమరావతి వెళ్లినప్పుడల్లా చూసింది చదునైన దిబ్బ. ఆ దిబ్బ మీద ఏముండేదో చూడటానికి లండన్ వెళ్లాల్సి వచ్చింది. అదీ చివరి రోజు, ముప్పావుగంట. ఆ ముప్పావుగంట కూడా మా ఆయన పట్టుబట్టబట్టి దొరికింది. అంతకుముందు పదహారు రోజుల్లో మేం తొమ్మిది కోటలు చూశాం. వాటిలో నాలుగింటి పేర్లు ఇప్పుడు ఫొటోలు చూసుకుంటే తప్ప గుర్తుకు రావు.

పాస్‌ను సమర్థించే వాళ్ల వాదనల్లో బలమైనది ఒకటుంది, దాన్ని దాటవేయను. పాస్ ఉంటే స్వేచ్ఛ అంటారు. నచ్చకపోతే పది నిమిషాల్లో బయటికి రావచ్చు, టికెట్ దండగైందన్న బాధ ఉండదు. మాట నిజమే. కానీ అది అక్కడే ఉంటున్నవాళ్ల విషయంలో నిజం. ఏడాది సభ్యత్వం తీసుకున్న మా అమ్మాయి లాంటి వాళ్లకు ఏ ఆదివారమైనా ఏ కోటకైనా వెళ్లవచ్చు, వానపడితే తిరిగి రావచ్చు. ఇంగ్లిష్ హెరిటేజ్ సభ్యత్వంలో ఒక్కో పెద్దవాళ్ల వెంట ఆరుగురు పిల్లల దాకా ఉచితంగా వెళ్లొచ్చు కూడా. పిల్లలున్న ఇంటికి అది మంచి కొనుగోలే, తీసుకోమని నేనే చెబుతాను. సభ్యత్వంలో ఏడాదంతా ఉంది. పాస్‌లో ఉన్నవి పదహారు రోజులు, అవి మొదటి గేటు దగ్గర నుంచే కరిగిపోతుంటాయి. సభ్యత్వంలో స్వేచ్ఛగా ఉన్నదే పాస్‌లో బాకీ అవుతుంది. పొరుగింటి వాళ్లకు ఏడాది సభ్యత్వం గిట్టుబాటైందని, వాళ్ల మాట పట్టుకుని మనం పాస్ కొంటున్నాం. రెండూ ఒకటి కావు.

ఇంకో మాట అంటారు, పాస్ డబ్బు ఆ కట్టడాల మరమ్మతుకే కదా వెళ్తుందని. ఆ గౌరవం నాకూ ఉంది. ఆ రాళ్లను నిలబెట్టడానికి ఎంత ఖర్చో మన లేపాక్షిని, హంపిని చూసిన ఎవరికైనా తెలుసు. అలాగైతే విరాళమివ్వండి, గేటు దగ్గర పెట్టె ఉంటుంది. విరాళాన్ని పొదుపు అనకండి. స్టోన్‌హెంజ్‌ను 1915లో వేలంలో 6,600 పౌండ్లకు కొన్న సెసిల్ చబ్, మూడేళ్లకే దాన్ని దేశానికి దానమిచ్చేశాడు. ఇస్తూ, ప్రవేశ రుసుము ఒక్క షిల్లింగుకు మించకూడదని షరతు పెట్టాడు. ఆ షిల్లింగు కాలం పోయింది, దానిమీద నాకు తగవు లేదు. కానీ ఆయన మనసులో ఉన్నది మామూలు మనిషి వచ్చి ఆ రాళ్ల ముందు నిలబడాలన్నది. ఎన్ని స్థలాలు చుట్టబెట్టాడన్నది కాదు.

పాస్ నిజంగా కలిసొచ్చే వాళ్లూ ఉన్నారు. కారు అద్దెకు తీసుకుని, కెంట్‌లోనో నార్తంబర్లండ్‌లోనో వారం బస చేసి, కోటలంటే ప్రాణమిచ్చే వాళ్లు, కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు. వాళ్లు కూడా ముందు తమకు కావలసిన పేర్లు కాగితం మీద రాసుకుని, తర్వాత టికెట్లు కూడి చూసి, అప్పుడు పాస్ ధరతో పోల్చుకోవాలి. వరస ఇది. పాస్ కొనేసి, అందులో ఉన్న వాటి పేర్లు చూసి జాబితా రాసుకోవడం కాదు. ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి. చాలామందికి మూడో పేరు దగ్గరే కలం ఆగిపోతుంది.

ఈ వేసవిలో మళ్లీ వెళ్తున్నాం. అమ్మాయి ఫోన్లో పాస్ మాట ఎత్తింది. వద్దన్నాను. కాసేపు ఊరుకుని, "సరేలే అమ్మా, నాన్నగారు ఎక్కడికంటే అక్కడికే" అంది. ఆయన చీటీ రాసి పాస్‌పోర్టులో పెట్టుకున్నారు. దాంట్లో మూడే ఉన్నాయి. విండొలాండా, ఒక రోజంతా. సాలిస్బరీ, పొద్దున్నే. 33ఎ గది, దిగిన మర్నాడు.